ఓనరు డాలస్‌లో, మేము మియాపూర్‌లో: మధ్యవర్తిగా ఉన్న ఒక అద్దె నిర్వహణ సేవపై సమీక్ష

హైదరాబాదులో మియాపూర్ నుంచి కొండాపూర్, గచ్చిబౌలి మీదుగా నల్లగండ్ల దాకా వరుసగా లేచిన అపార్ట్‌మెంట్లలో ఎన్నో ఫ్లాట్ల యజమానులు ఈ ఊళ్లో ఉండరు. ఉద్యోగరీత్యా అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో, కనీసం బెంగళూరులోనో ఉంటూ, ఇక్కడి ఇంటిని అద్దెకిచ్చి, దాని బాగోగులు చూసే బాధ్యతను నెలనెలా రుసుము తీసుకునే నిర్వహణ సంస్థలకు అప్పగిస్తున్నారు. అలాంటి ఒక సంస్థ చేతిలో ఉన్న మూడు పడకగదుల ఫ్లాట్‌లో మేము అద్దెకుంటున్నాము. యజమాని డాలస్‌లో ఉంటారు. ఈ సమీక్ష ఆ సంస్థ సేవ గురించే అయినా, నిజానికి ఒక ఇంటి యజమాని తన అద్దెదారుతో ఎలా మాట్లాడాలి, ఆ మాట్లాడే పనిలో ఎంత భాగాన్ని డబ్బిచ్చి మరొకరితో చేయించుకోవచ్చు అన్నదే ఇందులో అసలు విషయం. సంస్థ పేరు రాయడం లేదు. నా అనుభవం ఒక్క ఫ్లాట్‌కు సంబంధించినది, ఇదే పని చేసే మిగతా సంస్థల తీరు కూడా ఇంచుమించు ఇలాగే ఉందని ఇరుగుపొరుగు చెబుతున్నారు.

సేవ పనిచేసే పద్ధతి సులువుగానే ఉంటుంది. చేరేటప్పుడు మా దగ్గర పదిహేను రోజుల అద్దె, దానిపై 18 శాతం జీఎస్టీ తీసుకున్నారు. యజమాని ఇచ్చే రుసుము నెల అద్దెలో కొంత శాతంగా ఉంటుంది. అద్దె 34,000 రూపాయలు, మెయింటెనెన్స్ వేరు, అడ్వాన్సు రెండు నెలలది. సంస్థ యాప్‌లో అద్దె కట్టే చోటు ఒకటి, ఫిర్యాదు నమోదు చేసే చోటు ఒకటి, ఒప్పందం ప్రతి దాచిన చోటు ఒకటి ఉంటాయి. వీటన్నిటికీ పైన మన ఫ్లాట్‌కు కేటాయించిన మేనేజరు ఒకరుంటారు. ఆయన పేరు మాత్రం తరచుగా మారుతూ ఉంటుంది.

ముందుగా మెచ్చుకోవలసినవి చెబుతాను, ఎందుకంటే అవి చిన్నవేమీ కావు. ప్రతి నెలా అద్దె జమైన కాసేపటికే యజమాని పేరు, పాన్ నంబరు, ఏ నెల అద్దె అన్న వివరాలతో రసీదు వస్తుంది. ఏడాది అద్దె లక్ష రూపాయలు దాటితే ఇంటి అద్దె భత్యంపై పన్ను మినహాయింపు కోసం ఆఫీసులో యజమాని పాన్ ఇవ్వాలి. హైదరాబాదులో అద్దెకుండే ఉద్యోగులందరికీ జనవరి నెలలో ఆ పాన్ అడగడం అప్పు అడిగినంత ఇబ్బందిగా ఉంటుంది. కొందరు యజమానులు ఫోనెత్తరు, కొందరు "అలా అయితే అద్దె పెంచాల్సి వస్తుంది" అంటారు. రసీదు ఇవ్వడం యజమాని దయ కాదని, అద్దె చెల్లించిన వారికి సంతకం చేసిన రసీదు పొందే హక్కు ఉందని 1960 నాటి భవనాల అద్దె నియంత్రణ చట్టంలోనే ఉంది. అయితే నెల అద్దె 3,500 రూపాయలు దాటిన ఇళ్లకు ఆ చట్టం వర్తించకుండా 2005లో సవరణ చేయడంతో, నేడు ఈ నగరంలో ఒక మామూలు ఫ్లాట్ కూడా దాని పరిధిలోకి రాదు. కాబట్టి అద్దెదారుకు మిగిలేవి ఒప్పందంలోని మాటలు, యజమాని మర్యాద, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. ఈ పరిస్థితిలో అడగకుండానే రసీదు పంపే సంస్థ దొరకడం నిజంగా మేలే.

ఇంట్లోకి వచ్చే విషయంలో కూడా వీరి తీరు బాగుంది. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం ప్రకారం, యజమాని గానీ అతని తరఫు మనిషి గానీ ఇంట్లోకి రావాలంటే కనీసం 24 గంటల ముందు రాతపూర్వకంగానో ఎలక్ట్రానిక్ మాధ్యమం ద్వారానో తెలియజేయాలి. అది నమూనా మాత్రమే, రాష్ట్రాలు స్వీకరిస్తేనే అమలులోకి వస్తుంది. అయినా ఈ సంస్థ దాన్ని ఒక అలవాటుగా పాటిస్తోంది. ఫ్లాట్ విలువ కట్టించడానికి బ్యాంకు మనిషి రావలసి ఉన్నప్పుడు ముందురోజు ఉదయమే సందేశం వచ్చింది: "నమస్తే మేడమ్, రేపు సాయంత్రం నాలుగు నుంచి ఐదు మధ్య బ్యాంకు తరఫున ఒకరు ఫ్లాట్ కొలతలు తీసుకోవడానికి వస్తారు. ఆయనతో మా మనిషి కూడా ఉంటారు. పడకగదుల్లోకి రావలసి ఉంటుంది. మీకు వీలు కాకపోతే వేరే సమయం చెప్పండి." ఎవరు, ఎందుకు, ఎంతసేపు, ఏ గదుల్లోకి, కుదరకపోతే ఏం చేయాలి అన్న ప్రశ్నలన్నిటికీ ఆ నాలుగు వాక్యాల్లో సమాధానం ఉంది. ఇంతకు ముందు మేమున్న ఇంటి యజమాని బంధువులు ఆదివారం మధ్యాహ్నం బెల్లు కొట్టి, "ఇల్లు చూసి పోదామని వచ్చాం, మీరు తినండి, మీరు తినండి" అంటూ వంటగది అలమరలు తెరిచి చూసేవారు. ఆ అనుభవం ఉన్నవారికే ఈ సందేశం విలువ తెలుస్తుంది.

ఇక ఇబ్బంది ఎక్కడ మొదలైందో చెప్పాలి. వానాకాలంలో మా బాత్రూము గోడకు అవతలి వైపున, అంటే పిల్లల గదిలో, పుట్టీ ఉబ్బి పొరలుగా రాలడం మొదలైంది. ఫోటోలు తీసి యాప్‌లో పెట్టాను. వెంటనే "మీ ఫిర్యాదు నమోదైంది" అన్న జవాబు వచ్చింది. రెండో రోజు ప్లంబరు వచ్చి, గీజరుకు వెళ్లే పైపు గోడ లోపల కారుతోందని, టైల్స్ పగలగొట్టి పైపు మార్చాలని, పన్నెండు వేల దాకా అవుతుందని చెప్పి వెళ్లాడు. అక్కడితో పని ఆగిపోయింది. యాప్‌లో మా ఫిర్యాదు పక్కన పసుపు రంగులో "యజమాని అనుమతి కోసం వేచి ఉంది" అని కనిపించేది. మేనేజరుకు ఫోన్ చేస్తే "ఫాలోఅప్‌లో ఉంది మేడమ్" అనేవారు. తర్వాతి వారం ఫోన్ ఎత్తింది కొత్త మేనేజరు. ఆయన మళ్లీ ఫోటోలు అడిగారు. ఆయన పంపిన మరో ప్లంబరు, గీజరు మీద తప్పు నెట్టి, దాన్ని మారిస్తే సరిపోతుందన్నాడు. ఈలోగా గోడ మీది తడి స్విచ్‌బోర్డు దగ్గరికి పాకింది. పిల్లల మంచం హాల్లోకి మార్చి, ఆ గదికి కరెంటు ఆపేసి, అసోసియేషన్ ఎలక్ట్రీషియన్ చేత బోర్డు విప్పించుకున్నాము.

అప్పుడు ఒప్పందంలో ఉన్న మెయిల్ చిరునామాకు నేరుగా యజమానికి రాశాను. సంస్థ నియమాల ప్రకారం అలా రాయకూడదు. కానీ తడి గోడ మీద స్విచ్‌బోర్డు ఉన్నప్పుడు నియమాలు చూస్తూ కూర్చోవడం ఎవరివల్లా కాదు. మర్నాడు ఉదయానికే ఆయన జవాబు వచ్చింది. సంస్థ తనకు పంపిన సందేశంలో "బాత్రూమ్ రిపేరు, అంచనా 12,000, అనుమతించగలరా?" అని మాత్రమే ఉందని, ఫోటోలు గానీ, తడి స్విచ్‌బోర్డు దాకా వచ్చిన సంగతి గానీ తనకు చేరలేదని, ఇంకో ప్లంబరు అంచనా కూడా తెప్పించమని తాను అడిగితే దానికి జవాబు లేదని రాశారు. చివర్లో, "ఇవాళే పని మొదలుపెట్టమని వాళ్లకు చెప్పాను. పిల్లల గది కాబట్టి పైపుతో పాటు గోడకు రంగు కూడా వేయించమన్నాను. ఖర్చంతా నాదే. పని అయ్యేదాకా మీకు జరిగే ఇబ్బందికి క్షమించండి" అన్న వాక్యాలున్నాయి. మూడో రోజుకు పని పూర్తయింది.

ఈ ఉదంతాన్ని ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. ఇందులో చెడ్డవారు ఎవరూ లేరు. యజమాని పిసినారి కాదు, మేనేజర్లు మర్యాద లేనివారు కాదు, యాప్ పాడవలేదు. అయినా పాము చావకుండా, కర్ర విరగకుండా పని సాగింది. అద్దెదారు ఒక మరమ్మతు గురించి చెప్పినప్పుడు ఆమెకు కావలసింది ఫిర్యాదు నంబరు కాదు. ఎవరు వస్తారు, ఎప్పటికి అవుతుంది, ఖర్చు ఎవరిది అన్న మూడు ముక్కల జవాబు. ఈ మూడింటిలో మొదటిది సంస్థ చెప్పగలదు, రెండోది సగం చెప్పగలదు, మూడోది మాత్రం యజమాని నోటి నుంచే రావాలి. ఆ నిర్ణయం ఆయన దగ్గరే ఉంచుకుని, దాన్ని చేరవేసే పనిని మాత్రం ఇతరులకు అప్పగిస్తే, మధ్యలో ఉన్నవారు రెండు వైపులా నచ్చచెప్పుకుంటూ కాలం గడపడం తప్ప చేయగలిగింది ఉండదు.

దీనికి మందు చాలా తేలిక. ఇంత మొత్తం వరకు నన్ను అడగకుండానే చేయించండి, అంతకు మించితే ఫోటోలతో సహా అడగండి, నీళ్లు, కరెంటు, గ్యాసు, తలుపు తాళం విషయాల్లో మాత్రం ముందు పని చేయించి తర్వాత చెప్పండి అని యజమాని సంస్థతో రాసుకుంటే చాలు. దూరాన ఉన్న యజమానులకు ఇది మరీ అవసరం. అమెరికాలో గడియారాలను గంట ముందుకు జరిపే వేసవి సమయం అమలులో ఉన్నప్పుడు డాలస్‌కు, మనకు పదిన్నర గంటల తేడా ఉంటుంది, శీతాకాలంలో పదకొండున్నర. ఇక్కడ ఉదయం పది గంటలకు ప్లంబరు గోడ ముందు నిలబడి అడిగే ప్రశ్న అక్కడ రాత్రి పదకొండున్నరకో, పదిన్నరకో చేరుతుంది. ఆయన పొద్దున్నే లేచి జవాబిచ్చే సరికి ప్లంబరు ఇంకో అపార్ట్‌మెంటులో ఉంటాడు. మళ్లీ అతన్ని పట్టుకోవడానికి నాలుగు రోజులు పడుతుందని ఈ నగరంలో ఉన్న ఎవరైనా చెబుతారు.

రెండో పెద్ద లోపం పన్నుకు సంబంధించినది. దీని మీద ఎవరూ మాట్లాడరు కాబట్టి కొంచెం ఆగి చెబుతాను. యజమాని భారతదేశంలో నివసించే వ్యక్తి అయితే, నెల అద్దె 50,000 రూపాయలు దాటినప్పుడే మాలాంటి అద్దెదారు అద్దెలోంచి పన్ను పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. 2024 అక్టోబరు నుంచి ఆ రేటు 2 శాతం. 34,000 అద్దెకు ఆ బాధ లేదు. కానీ యజమాని ప్రవాసి అయితే లెక్క పూర్తిగా మారుతుంది. కనీస పరిమితి అంటూ లేకుండా 30 శాతం, దానిపై సెస్సు కలిపి 31.2 శాతం, అంటే మా అద్దెలో నెలకు 10,608 రూపాయలు, అద్దెదారే ముందుగా పట్టుకుని ప్రభుత్వానికి జమ చేయాలి. అందుకోసం, ఇలా పన్ను పట్టి జమ చేసేవారికి ఇచ్చే ట్యాన్ నంబరు తీసుకోవాలి, మూడు నెలలకోసారి రిటర్ను వేయాలి. పట్టకపోతే ఆదాయపు పన్ను శాఖ అడిగేది అద్దెదారునే.

ఒప్పందంలో యజమాని చిరునామాగా కూకట్‌పల్లిలోని ఆయన తల్లిదండ్రుల ఇంటిని రాశారు. యాప్‌లో ప్రతి నెలా కనిపించే మొత్తం పూర్తి 34,000. ఆయన డాలస్‌లో ఉంటారని మేనేజరు మాటల మధ్య చెప్పగానే, మొదటి అద్దె కట్టకముందే దీని సంగతేమిటని అడిగాను. "అందరూ పూర్తిగానే కడుతున్నారు మేడమ్, ఏమీ కాదు" అన్నది నాకు వచ్చిన జవాబు. ప్రవాసుల ఇళ్లనే ప్రధాన వ్యాపారంగా పెట్టుకున్న సంస్థ నుంచి ఇలాంటి జవాబు రావడం నాకు ఈ సేవలో అన్నిటికంటే ఆక్షేపణీయంగా తోచింది. మా ఆడిటరు రాసిచ్చిన కాగితాన్ని పట్టుబట్టి యజమానికి పంపిస్తే, ఆయన తక్కువ రేటుకు పన్ను పట్టుకోవడానికి వీలిచ్చే ధ్రువపత్రానికి ఆదాయపు పన్ను శాఖలో దరఖాస్తు చేసుకున్నారు. అది చేతికి వచ్చేదాకా 31.2 శాతం చొప్పున కట్టాము. యాప్‌లో ఆ కొద్ది నెలలూ మా పేరు పక్కన "బకాయి" అని ఎర్రటి అక్షరాలు కనిపించేవి. అద్దెకిచ్చే ప్రవాస యజమాని ఇంటి తాళాల కంటే ముందు ఇవ్వవలసిన సమాచారం ఇదేనని నా అభిప్రాయం. తాను ప్రవాసినని, పన్ను ఎలా పట్టాలని, ఆ పని తన ఆడిటరు చేసిపెడతారని ఒక్క మెయిల్ రాస్తే సరిపోయేది.

అద్దె పెంపు విషయానికి వస్తే, పదకొండు నెలల ఒప్పందంలో పునరుద్ధరణ సమయంలో 5 శాతం పెంపు అని స్పష్టంగా ఉంది. గడువు ఇంకా ఉండగానే "మార్కెట్ ధరల దృష్ట్యా మీ అద్దె 8 శాతం సవరించబడుతుంది, అంగీకరించడానికి ఇక్కడ నొక్కండి" అని యాప్ నుంచి సందేశం వచ్చింది. సంస్థ రుసుము అద్దెలో శాతంగా ఉన్నప్పుడు అద్దె పెరగడం సంస్థకూ లాభమే. అందుకే ఇలాంటి సందేశం యజమాని పేరు మీద వచ్చినా, అది ఆయన మాటేనా అని అడిగి తెలుసుకోవడం మంచిది. ఆయనను అడిగితే 8 శాతం సంగతి తనకు తెలియదని, 5 శాతమే చాలని అన్నారు. నమూనా చట్టంలో అద్దె సవరణకు మూడు నెలల ముందు రాతపూర్వక నోటీసు ఇవ్వాలని ఉంది. ఇది అమలులో ఉన్నా లేకున్నా, బడులు, బస్సు రూట్లు, ఆఫీసు దూరం అన్నీ లెక్క చూసుకునే కుటుంబానికి ఆ మూడు నెలలు అవసరం.

మరో విషయం క్లుప్తంగా చెప్పి ముగిస్తాను. మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో యజమానులే ఉంటారు, అద్దెదారులను చేర్చరు. వేసవిలో బోరు ఎండినప్పుడు ట్యాంకర్ల ఖర్చు ఫ్లాట్‌కు ఇంత అని, ఫలానా రోజు సంపు కడుగుతారు కాబట్టి నీళ్లు పట్టుకోమని, లిఫ్టు రెండు రోజులు ఆగుతుందని వచ్చే సమాచారమంతా డాలస్‌కు వెళుతుంది. ఇక్కడున్న మాకు వాచ్‌మన్ చెబితే తెలుస్తుంది, ఆయన సెలవులో ఉంటే తెలియదు. ఈ సందేశాలను అద్దెదారుకు పంపే పని సంస్థ చేయవలసిన మొదటి పనుల్లో ఒకటి. ఒప్పందంలో అది లేదన్నారు. అలాగే పగటిపూట ఇంట్లో ఉండేది మా అత్తగారు, ఆమెకు తెలుగు తప్ప మరో భాష రాదు. సంస్థ పంపే పనివాళ్లు గేటు దగ్గర నుంచి హిందీలో ఫోన్ చేస్తే ఆమె "మా కోడలు ఆఫీసుకు పోయింది నాయనా" అని పెట్టేస్తారు. యాప్‌లో అది "అద్దెదారు అందుబాటులో లేరు" అని నమోదవుతుంది. హైదరాబాదులో సేవలు అందించే సంస్థకు తెలుగులో మాట్లాడే ఒక మనిషి ఉండాలని అడగడం అత్యాశ కాదనుకుంటాను.

ఇవన్నీ చదివి, పై అంతస్తులో ఉండే యజమానే నయమని ఎవరైనా అనుకుంటే నేను ఒప్పుకోను. అలాంటి ఇళ్లలో కూడా ఉన్నాము. కుళాయి పాడైతే సాయంత్రానికల్లా బాగవుతుంది, నిజమే. కానీ ఎవరు వచ్చారు, ఎన్నింటికి వెళ్లారు, వాషింగ్ మెషీన్ ఎన్నిసార్లు వేశారు అన్న లెక్కలూ అంతే త్వరగా పైకి చేరతాయి. సంక్రాంతికి అరిసెలు పంపిన చేతితోనే అడ్వాన్సులో నెల అద్దె పెయింటింగ్ పేరిట కోసుకున్న వారినీ చూశాము. ఆ కోతకు కాగితం ఉండదు, అడిగితే నొచ్చుకుంటారు. ఈ సంస్థ విషయంలో అడ్వాన్సులో కోతలకు ఇంట్లో చేరిన రోజు తీసిన ఫోటోల పట్టిక ఆధారమని ఒప్పందంలోనే ఉంది. గోడల మీది మేకుల దగ్గర నుంచి గ్యాస్ గట్టు రాయి మీది గీత దాకా అందులో నమోదై ఉన్నాయి. దానికి నేను వంక పెట్టను.

ఐదుకు నా మార్కులు మూడు. రసీదులకు, ముందస్తు సమాచారానికి, ఫోటోల పట్టికకు ఒక్కొక్కటి. మరమ్మతుల నిర్వహణ, పన్ను విషయంలో చూపిన నిర్లక్ష్యం మిగతా రెండింటినీ తినేశాయి. సంస్థకు ఇల్లు అప్పగించే యజమానులు ఒప్పందం మీద సంతకం చేసేముందు అడగవలసింది రుసుము ఎంత శాతమని మాత్రమే కాదు. అద్దెదారు రాసిన మాట, పెట్టిన ఫోటో తమకు యథాతథంగా చేరుతుందా లేక ఎవరో కుదించిన ఒక లైను చేరుతుందా అని.

మా ఒప్పందం ఈ మధ్యే మళ్లీ రాసుకున్నాము. నేను అడిగిన మీదట యజమాని రెండు మార్పులకు ఒప్పుకున్నారు. 5,000 రూపాయల లోపు మరమ్మతులకు సంస్థ ఆయనను అడగనవసరం లేదు, అంతకు మించిన వాటికి నేను పంపే మెయిల్ ఆయనకూ ఒక ప్రతిగా వెళుతుంది. అసోసియేషన్ గ్రూపులో మమ్మల్ని చేర్చమని కూడా ఆయన కార్యదర్శికి రాశారు. ఆ విన్నపం మీద కార్యవర్గం వచ్చే సమావేశంలో చర్చిస్తుందట.